56 రోజుల వెచ్చదనం

1841లో ప్యారిస్‌లో ఒక తల్లి కొండచిలువ తన ఒంటి వేడితో గుడ్లు పొదిగి పండితుల తీర్పును తిరగరాసింది. పామును ఇంట్లో పెంచాలని ముచ్చటపడే హైదరాబాద్ కుర్రకారు తప్పక తెలుసుకోవలసిన యథార్థ గాథ ఇది.

1841 మే 6. ప్యారిస్‌లోని జార్డాన్ దె ప్లాంత్, రాజుల కాలం నుంచి పేరున్న వనం. అక్కడి జంతుశాలలో, పాముల పెట్టెలో ఒక ఆడ కొండచిలువ గుడ్లు పెట్టింది. మొత్తం 15. అది మన కొండచిలువకు దగ్గరి చుట్టమైన బర్మా జాతి పాము.

గుడ్లు పెట్టి తన దారిన తాను పోయే పాములే లోకంలో ఎక్కువ. ఈ తల్లి మాత్రం కదల్లేదు. గుడ్లన్నిటినీ ఒకచోట పోగుచేసుకుంది. వాటి చుట్టూ మెలిక మీద మెలిక వేసుకుంటూ గోపురంలా పైకి లేచింది. చివరికి శిఖరం మీద తల ఆనించి కూర్చుంది. బయట నుంచి చూస్తే ఒక్క గుడ్డూ కనబడదు.

అషీల్ వాలెన్సియెన్ ఈ సంగతి విని ఊరుకోలేకపోయాడు. మహా శాస్త్రవేత్త క్యువియేతో కలిసి చేపల మీద బృహద్గ్రంథం రాసిన మనిషి అతను. థర్మామీటరు తీసుకుని పాముల పెట్టె దగ్గరకు చేరాడు. తొమ్మిదేళ్లుగా తేలని తగవు ఒకటి ఆ చుట్టలోపల ఉందని అతనికి తెలుసు.

విశాఖ తీరాన పెద్ద పొడ

ఈ కథకు మన నేల మీద కూడా ఒక కొస ఉంది. 1780లలో పాట్రిక్ రసెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. అక్కడ అధికారిగా వచ్చిన సోదరుడి వెంట వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. విషమున్న పామేదో లేని పామేదో జనానికి తెలిస్తే ప్రాణాలు నిలుస్తాయన్నది అతని తపన. జనం తెచ్చిచ్చిన పాములను పరీక్షించి, బొమ్మలు వేయించి, ఒక్కోదాన్ని ఊళ్లో ఏమంటారో అడిగి రాసుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన అతని పుస్తకంలో కొండచిలువ ‘పెద్ద పొడ’ అన్న తెలుగు పేరుతోనే ఉంది.

1802లో లండన్‌లో జార్జ్ షా అనే పండితుడు ఆఫ్రికా జాతి అయిన మరో కొండచిలువను లోకానికి పరిచయం చేశాడు. ‘రాజసం గలది’ అని అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా ఇళ్లలో పెంచుతున్న బాల్ పైథాన్ అదే.

పేర్లు పెట్టడం వరకూ సాగింది. ఈ పాములు బతికే తీరు మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. భారతదేశంలో తిరిగి వెళ్లిన లమార్ పికో అనే ఫ్రెంచి యాత్రికుడు 1832లో ప్యారిస్ పండిత సభకు ఒక కబురు చెప్పాడు. ఇక్కడి కొండచిలువ గుడ్లను చుట్టుకుని ఒంటి వేడితో పొదుగుతుందన్నాడు. సభ నమ్మలేదు. సరీసృపాల శాస్త్రంలో ఆనాటికి పెద్ద దిక్కు అయిన దుమెరిల్ ఆ మాటను తోసిపుచ్చాడు. పాము ఒళ్లు చల్లన, పరిసరాల వేడే దాని వేడి, అలాంటి జీవి గుడ్లకు వేడి ఎక్కడి నుంచి ఇస్తుంది? ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు ఎదురు లేదు. లమార్ పికో మాట అక్కడితో ఆగిపోయింది.

చుట్టలోపలి లెక్క

వాలెన్సియెన్ ఎవరి మాటనూ అరువు తెచ్చుకోలేదు. పెట్టెలో గాలి వేడి ఎంత, అక్కడున్న కంబళి కింద ఎంత, పాము మెలికల మధ్య ఎంత అని విడివిడిగా కొలిచాడు. మెలికల మధ్య వేడి ప్రతిసారీ ఎక్కువే వచ్చింది. అదీ స్వల్పంగా కాదు, పరిసరాల కంటే ఎన్నో డిగ్రీలు పైన.

తల్లి తిండి ముట్టలేదు. నీళ్లు మాత్రం తాగింది. రోజులు వారాలయ్యాయి. మే గడిచింది, జూన్ గడిచింది. 56 రోజుల తరువాత, జులై మొదట్లో గుడ్డు పెంకు చీలి పిల్ల తల బయటపెట్టింది. మొత్తం 15 గుడ్లలో 8 పిల్లలయ్యాయి. పండిత సభ తోసిపుచ్చిన మాటకు ఎనిమిది ప్రాణాలు సాక్ష్యం చెప్పాయి.

ఆ వేడి ఎక్కడిదో తేలడానికి మరో నూరేళ్లు దాటింది. 1966లో అమెరికాలో హచిసన్, డౌలింగ్, వినెగార్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు గుడ్లు పొదుగుతున్న కొండచిలువ శ్వాసను, ఒంటి వేడిని కొలిచి ‘సైన్స్’ పత్రికలో రాశారు. చుట్టూ వేడి 33 డిగ్రీల కంటే తగ్గినప్పుడు తల్లి కండరాలు ఉండుండి బిగుస్తాయి. ఆ బిగువుల నుంచే వేడి పుడుతుంది. చలి పెరిగినకొద్దీ బిగువులూ పెరుగుతాయి. నెలల తరబడి ఉపవాసం ఉంటూ, తన కండను కరిగించి పిల్లలకు వెచ్చదనం పోస్తుంది ఆ తల్లి.

మన పొరుగున కూడా ఆ రోజుల విలువ గుర్తించినవారున్నారు. 2022లో కేరళలోని కాసరగోడ్ దగ్గర జాతీయ రహదారి పనిలో కొండచిలువ బొరియ బయటపడింది. అందులో 24 గుడ్లున్నాయి. రహదారి కడుతున్న ఊరాలుంగల్ కార్మిక సహకార సంఘం అక్కడ 54 రోజులు పని ఆపింది. పిల్లలు బయటికి వచ్చాకే యంత్రాలు మళ్లీ కదిలాయి.

వేడి పుట్టించుకోలేని పాము

బాల్ పైథాన్‌కు ఆ శక్తి లేదు. అదీ గుడ్లను చుట్టుకుంటుంది. కానీ దాని చుట్ట గుడ్ల తడి ఆరిపోకుండా, ఉన్న వేడి చెదిరిపోకుండా కాపాడుతుంది, అంతే. కండరాలు బిగించి కొత్త వేడి పుట్టించడం దానికి చేతకాదు. దాని బతుకంతా అది ఉండే చోటి మీదే ఆధారపడింది.

ఆ చోటు పశ్చిమ ఆఫ్రికా గడ్డి మైదానాల్లోని చెదపుట్టలు, ఎలుక బొరియలు. పుట్టలో పాము మనకు తెలియని సంగతి కాదు. పైన ఎండ మండుతున్నా, రాత్రి చలి వేసినా పుట్ట లోతుల్లో వేడీ తేమా పెద్దగా మారవు. చల్లబడితే పాము పైకి జరుగుతుంది, వేడెక్కితే లోపలికి జారుతుంది. ఏ గంటకు ఎంత వేడి కావాలో తానే ఎంచుకుంటుంది. తిన్న ఎలుక అరగాలన్నా, కుబుసం సాఫీగా ఊడిరావాలన్నా, ఊపిరితిత్తులు రోగానికి తట్టుకోవాలన్నా ఆ ఎంపిక దాని చేతిలో ఉండాలి.

2023 సెప్టెంబర్ 6 రాత్రి బెంగళూరు విమానాశ్రయంలో ఆ ఎంపిక ఎలా లాగేసుకుంటారో దేశమంతా చూసింది. బ్యాంకాక్ నుంచి వచ్చిన విమానంలో దిక్కులేని సంచులు దొరికాయి. కస్టమ్స్ అధికారులు తెరిచి చూస్తే రకరకాల రంగుల బాల్ పైథాన్లు 55, రాచనాగులు 17, కపుచిన్ కోతులు 6. పాములు ప్రాణంతో ఉన్నాయి. కోతులు ఆరూ చచ్చిపోయి ఉన్నాయి. అంతకు కొద్ది వారాల ముందే, జులైలో, తిరుచిరాపల్లి విమానాశ్రయంలో కౌలాలంపూర్ నుంచి వచ్చిన ప్రయాణికుడి సామానులో 47 కొండచిలువలు, రెండు బల్లులు పట్టుబడ్డాయి. పట్టుబడినవి ఇవి. కళ్లుగప్పి దాటినవి ఏదో ఒక నగరంలో, ఏదో ఒక గదిలో, ప్లాస్టిక్ డబ్బాలో చేరతాయి. కొన్నవాడికి దాని రంగు తెలుసు, ధర తెలుసు. దానికి ఎంత వేడి కావాలో తెలియదు.

సుల్తాన్ బజార్‌లో పుట్ట కట్టాలంటే

ఆ పుట్టను మనింట్లో మళ్లీ కట్టగలమా? కట్టగలం. అందుకు కావలసిన సామగ్రిలో చాలా భాగం హైదరాబాద్ సుల్తాన్ బజార్ చుట్టుపక్కలే ఉంది. ట్రూప్ బజార్ అంటే కరెంటు సామాను, గుజరాతీ గల్లీ అంటే ఎలక్ట్రానిక్ విడిభాగాలు. కోడిగుడ్లు పొదిగే పెట్టెలకు వాడే డిజిటల్ థర్మోస్టాట్ ఈ పనికి ప్రాణం లాంటిది. మిగతా వాటిలో దేనికి లోభించినా ఫరవాలేదు, దీనికి లోభించకూడదు.

ఎదిగిన పాముకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పెట్టె ఉండాలి. ముందువైపు జరిపే అద్దాలు, వాటికి తాళం. పెట్టెను గదిలో ఎండ నేరుగా పడని చోట పెట్టాలి. అద్దాల పెట్టెలో గంటసేపు ఎండ పడితే పాము బతకదు.

వేడి ఒక కొసనే ఉండాలి. అక్కడ పాము పడుకునే నేల 31 నుంచి 33 డిగ్రీలు, అవతలి కొస 25 నుంచి 27. ఈ తేడాయే పుట్ట లోతుకు బదులు. నేలలో మూడో వంతుకు మించని హీట్ మ్యాట్ గానీ, పైన వెలుగు లేని సిరామిక్ హీటర్ బల్బు గానీ వాడవచ్చు. బల్బుకు పింగాణీ హోల్డరే కావాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. చుట్టూ ఇనప జాలీ తప్పదు. పాము వెచ్చని వస్తువును చుట్టుకుంటుంది, ఒళ్లు కాలుతున్నా సమయానికి వదలదు. అదుపులేని హీటర్ల మీద పొట్ట కాలిన పాములు పశువైద్యుల దగ్గరకు రావడం ప్రపంచమంతటా ఉన్నదే. అందుకే ఏ హీటరయినా థర్మోస్టాట్ ద్వారానే నడవాలి, దాని సెన్సర్ పాము పడుకునే చోటనే ఉండాలి. రెండు కొసలా వేరే థర్మామీటర్లు పెట్టి రోజూ చూడాలి.

రెండు కొసలా దాక్కునే చోట్లు ఉండాలి. ఒక్కటే పెడితే పాము భద్రత కోసం వెచ్చదనాన్ని వదులుకుంటుంది, లేదా వెచ్చదనం కోసం భద్రతను. పక్కన దారి కొట్టి బోర్లించిన మట్టికుండ చాలు. చుట్టుకుంటే ఒళ్లు గోడలకు తగిలేంత ఇరుకుగా ఉంటేనే దానికి నిమ్మళం. నేల మీద కొబ్బరిపీచు పొడి మూడు నాలుగు అంగుళాల మందాన, హీట్ మ్యాట్ ఉన్న చోట మాత్రం పలచగా పరవాలి. గాలిలో తేమ 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే రోజుల్లో ఇంకొంచెం ఎక్కువ. తేమ చాలకపోతే కుబుసం ముక్కలై కళ్ల మీద, తోక కొసన అంటుకుపోతుంది. అడుగున నీళ్లు నిలిస్తే పొట్ట పొలుసులు పుండవుతాయి. ఒళ్లంతా మునిగేటంత నీళ్ల తొట్టి ఒకటి తప్పనిసరి.

మన ఊరి వాతావరణం రెండు వైపులా పరీక్ష పెడుతుంది. డిసెంబర్, జనవరి రాత్రుల్లో హైదరాబాద్ 15 డిగ్రీల కిందికి దిగడం మామూలే. బహదూర్‌పురాలోని నెహ్రూ జంతుప్రదర్శనశాలలో కూడా చలికాలం వస్తే పాముల గదులకు బల్బులు, హీటర్లు అమరుస్తారు. ఆ చలిలో కరెంటు పోయి తెల్లవార్లూ రాకపోతే పాముకు నిమోనియా పట్టవచ్చు, తిన్నది అరగక కక్కవచ్చు. హీటర్‌కు ఇన్వర్టర్ దన్ను ఉండాలి. మేలో లెక్క తలకిందులవుతుంది. అప్పుడు భయం చలి గురించి కాదు, చల్లని కొస కూడా 33 దాటిపోవడం గురించి. ఆ నెలల్లో హీటర్ ఆగిపోయి గదికి కూలరో ఏసీయో నడవాల్సి ఉంటుంది.

మాట ఇచ్చే ముందు

అమెరికాలోని సెయింట్ లూయీ జంతుశాలకు 1961లో ఒక ఇంటాయన తన బాల్ పైథాన్‌ను ఇచ్చాడు. 2020 జులైలో, 62 ఏళ్లకు తక్కువలేని వయసులో, ఏళ్ల తరబడి మగపాము తోడే లేకుండా, అది ఏడు గుడ్లు పెట్టింది. సరిగా చూసుకుంటే ఈ పాము ఎంతకాలం బతుకుతుందో చెప్పడానికి ఆ ఒక్క ప్రాణం చాలు. ఇరవై ఏళ్ల కుర్రవాడు ఇవాళ పిల్ల పామును తెచ్చుకుంటే, అతని చదువు, ఉద్యోగం, పెళ్లి, ఇల్లు మారడం అన్నీ అది చూస్తుంది. అన్నేళ్లూ దాని వేడి అతని చేతిలోనే ఉంటుంది.

చట్టం కూడా స్పష్టంగా ఉంది. మన అడవుల కొండచిలువ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్ జీవి. దాన్ని ఇంట్లో ఉంచుకోవడం జైలుకు పంపే నేరం. ఇంట్లోకో చేనులోకో వస్తే అటవీశాఖకు గానీ, 1995 నుంచి హైదరాబాద్‌లో పాములను కాపాడుతున్న ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ కబురు పెట్టాలి. విదేశీ జాతి అయిన బాల్ పైథాన్ వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం రెండో పట్టికలో, 2022 సవరణ తరువాత మన చట్టం నాలుగో షెడ్యూల్‌లో ఉంది. దగ్గర ఉన్నవారు 2024 నిబంధనల ప్రకారం కేంద్రం వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితం లేకుండా అమ్మజూపే ప్రతి పాము వెనుక బెంగళూరు సంచుల వంటి ప్రయాణమే ఉండవచ్చు. అలాంటి పామును జాలిపడి కొన్నా ఆ వ్యాపారానికే పెట్టుబడి అవుతుంది.

ప్యారిస్ తల్లి 56 రోజులు ఉపవాసం ఉండి ఇచ్చిన వెచ్చదనాన్ని, వేడి పుట్టించుకోలేని జీవికి జీవితమంతా ఇస్తామని మాట ఇవ్వడమే పాము పెంపకం. ఆ మాట ఇవ్వలేనివారు పామును కొనకూడదు. ఇవ్వగలమనుకునేవారు ముందు పెట్టె కట్టండి, థర్మోస్టాట్ బిగించండి, ఖాళీ పెట్టెనే పది రోజులు రాత్రింబవళ్లు నడిపి అంకెలు రాసుకోండి. అంకెలు నిలకడగా నిలిచాక, సరీసృపాలకు వైద్యం చేయగల పశువైద్యుడు ఎక్కడున్నాడో కనుక్కున్నాక, కాగితాలున్న పాము కోసం అడగండి. ఇప్పటికే ఇంట్లో పాము ఉన్నవారు మాత్రం ఒక్క రాత్రి కూడా ఆగవద్దు. ఇవాళే దాని పెట్టెలో రెండు కొసలా థర్మామీటర్ పెట్టి చూడండి.