నూట ఎనభైలో వణకని కెమెరా

1977 చివరి నెలలు. మెల్‌బోర్న్ శివార్లు దాటాక తిన్నగా సాగిపోయే తారురోడ్డు. దాని మీద ఒక కవాసాకీ వెయ్యి సీసీ బండి. నడిపేవాడు నటుడు కాదు, స్టంట్‌మ్యానూ కాదు, విక్టోరియాలోని విజిలాంటీస్ బైక్ క్లబ్ సభ్యుడు. వెనక సీటు మీద ఛాయాగ్రాహకుడు డేవిడ్ ఎగ్బీ, భుజాన ఆరిఫ్లెక్స్ సినిమా కెమెరా. తలకు హెల్మెట్ లేదు. హెల్మెట్ పెట్టుకుంటే వ్యూఫైండర్‌కు కన్ను ఆనదు.

బండి వేగం అందుకుంది. వంద దాటింది. నూట యాభై దాటింది. ఎగ్బీ ముందుకు వంగి, నడిపేవాడి భుజం మీదుగా కెమెరాను నిలిపాడు. హ్యాండిల్, స్పీడోమీటరు, ఎదురొచ్చే రోడ్డు ఒకే ఫ్రేములోకి వచ్చాయి. ముల్లు గంటకు 180 కిలోమీటర్ల దగ్గర ఉంది. కెమెరాను పట్టి ఉంచేందుకు స్ప్రింగుల చేయి లేదు, మోటారు లేదు, గైరో లేదు. ఉన్నవల్లా అతని నడుము, మోకాళ్లు, మోచేతులు.

అలా తీసిన సినిమా ‘మ్యాడ్ మాక్స్’.

దర్శకుడు జార్జ్ మిల్లర్ డాక్టరు. రోడ్డు ప్రమాదాల్లో ఛిద్రమైన శరీరాలను హాస్పిటల్ ఎమర్జెన్సీ వార్డులో కళ్లారా చూసినవాడు. నిర్మాత బైరన్ కెనెడీ అతనికి 1971లో మెల్‌బోర్న్‌లో ఒక సినిమా శిక్షణ శిబిరంలో పరిచయమయ్యాడు. సినిమాకు పెట్టుబడి కోసం ఇద్దరూ చేసిన పని వింటే ఇప్పటికీ ఆశ్చర్యమే. ఫోన్ చేసినవాళ్ల ఇళ్లకు వెళ్లే అత్యవసర వైద్య సేవలో మూడు నెలలు తిరిగారు. కెనెడీ కారు నడిపేవాడు, మిల్లర్ రోగుల్ని చూసేవాడు. అలా కూడబెట్టినదీ, తెలిసినవాళ్లు పెట్టినదీ కలిపితే సుమారు మూడున్నర, నాలుగు లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. యాక్షన్ సినిమాకు అది చాలా చిన్న మొత్తం.

ఆ లేమి షూటింగ్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. రౌడీ ముఠాగా నటించేవాళ్లకు విమానం టిక్కెట్లు కొనే స్తోమత లేక, వాళ్లను సిడ్నీ నుంచి మెల్‌బోర్న్ దాకా బండ్ల మీదే రమ్మన్నారు. ఛేజింగులు చాలావరకు జీలాంగ్ దగ్గరి లిటిల్ రివర్ పరిసరాల్లో తీశారు. మొదట్లో అనుమతులు లేవు. వాకీటాకీల ఫ్రీక్వెన్సీ పోలీసు రేడియోతో కలుస్తుందని వాటినీ పక్కన పెట్టేశారు. షాట్ అయిపోయాక దర్శకుడు, నిర్మాత స్వయంగా చీపుళ్లు పట్టి రోడ్డు ఊడ్చారు. తర్వాత్తర్వాత విక్టోరియా పోలీసులే ఆసక్తి చూపి, రోడ్లు మూసి, బండ్లకు ముందు నడిచి సాయం చేశారు.

లెన్సుల కథ మరీ విచిత్రం. మిల్లర్ వైడ్‌స్క్రీన్ అనామార్ఫిక్‌లో తీయాలని పట్టుబట్టాడు. అప్పట్లో అతనికి అలాంటి లెన్సులు ఒక్క సెట్టే దొరికింది. 1972లో శామ్ పెకిన్‌పా తీసిన ‘ది గెటవే’కు వాడగా దెబ్బతిని, ఎలాగో ఈ దేశం చేరాయవి. వాటిలో సరిగ్గా పనిచేసేది 35 ఎంఎం లెన్సు ఒక్కటే. దానితోనే సినిమా నడిపించారు.

బండి మీది షాట్ నిలబడటానికి ఆ లెన్సు కూడా ఒక కారణమని నా నమ్మకం. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే చాలు, టెలిఫొటో లెన్సులో బొమ్మ ఎటో ఎగిరిపోతుంది. విశాలంగా చూసే లెన్సులో అదే కదలిక కాస్త జరిగినట్టు అనిపిస్తుంది, అంతే. అనామార్ఫిక్ లెన్సు అడ్డంగా రెట్టింపు మేర చూస్తుంది కాబట్టి ఆ 35 ఎంఎం చూపు మామూలు పదిహేడు, పద్దెనిమిది ఎంఎం లెన్సు చూపంత వెడల్పు. డబ్బు లేక మిగిలిన ఒక్క లెన్సే కుదుపును సగం దాచేసింది.

మిగతా సగం ఎగ్బీ ఒళ్లు మోసింది. ఇంజిన్ నుంచి వచ్చే సన్నని అదురును కండరం మింగేసింది. గుంత వచ్చినప్పుడు పైకీ కిందికీ ఎగిరే కుదుపును నడుము, మోకాళ్లు ఆపాయి. కెమెరా బరువూ కలిసొచ్చింది. బరువైన వస్తువును కదిలించడం కష్టం, అందుకే చిన్న అదురు దాన్ని ఏమీ చేయలేదు.

కెమెరాను ఒంటికి తగిలించుకుని వణకకుండా నడిపించే స్టెడీకామ్ అప్పటికి అమెరికాలో వచ్చేసింది. ఫిలడెల్ఫియాకు చెందిన గారెట్ బ్రౌన్ పైపులు, బరువులు, స్ప్రింగులతో ఏళ్ల తరబడి కుస్తీపట్టి, చివరికి ఒక మోటెల్ గదిలో వారం పాటు తలుపు వేసుకుని డిజైను తేల్చాడు. 1976లో ‘బౌండ్ ఫర్ గ్లోరీ’, ‘రాకీ’ సినిమాల్లో దాని పనితనం ప్రపంచం చూసింది. కానీ స్టెడీకామ్‌కు గాలి బద్ధశత్రువు. వేలితో తాకితే తిరిగేంత సున్నితంగా తూచిన కెమెరాను నూట ఎనభైలో కొట్టే ఎదురుగాలి నిలవనిస్తుందా? ఆ రోడ్డు మీద అదీ అక్కరకొచ్చేది కాదు.

ఎడిటింగ్‌కూ డబ్బు లేదు. కెనెడీ తండ్రి ఇంజినీరు. ఆయనే ఇంట్లో ఒక ఎడిటింగ్ యంత్రం తయారుచేసి ఇచ్చాడు. ఉత్తర మెల్‌బోర్న్‌లోని ఒక చిన్న ఫ్లాట్‌లో దాని మీదే నెలల తరబడి రీళ్లు కోసి అతికించారు. 1979 ఏప్రిల్ 12న ఆస్ట్రేలియాలో సినిమా విడుదలైంది. ప్రపంచవ్యాప్తంగా పది కోట్ల అమెరికన్ డాలర్లకు పైగా వసూలు చేసింది. పెట్టుబడితో పోలిస్తే అత్యధిక లాభం తెచ్చిన సినిమాగా గిన్నిస్ రికార్డు చాలా ఏళ్లు దాని పేరనే ఉంది.

మన తెలుగు తెరకు నిలకడగా పరిగెత్తే కెమెరా 1989లో ‘శివ’తో వచ్చింది. ఎస్.గోపాలరెడ్డి ఛాయాగ్రహణంలో రామ్‌గోపాల్ వర్మ స్టెడీకామ్ వాడించాడు. సైకిల్ ఛేజ్ చూసిన ఆనాటి ప్రేక్షకుడికి యంత్రం పేరు తెలియదు. తానూ వెంట పరిగెడుతున్నానని మాత్రం తెలిసింది.

ఇక కెమెరా వణకకుండా ఇంట్లోనే చేసుకునే స్టెబిలైజర్ మాట. జానీ చుంగ్ లీ అనే అమెరికన్ ఇంజినీరు విద్యార్థిగా ఉన్నప్పుడు పద్నాలుగు డాలర్లతో ఒకటి చేసి చూపించాడు. హార్డ్‌వేర్ షాపులో దొరికే మూడు నీళ్ల పైపు ముక్కలు, ఒక టీ జాయింటు, కొన్ని బోల్టులు, అడుగున జిమ్ములో వాడే చిన్న ఇనుప బిళ్ల. కెమెరా ఒక కొసన, బరువు ఇంకో కొసన ఉండటంతో మొత్తం సులువుగా తిరగదు. సూత్రం అంతే.

2012, 13 నాటికి ఔత్సాహికులు ఇంకో మెట్టెక్కి బొమ్మ విమానాల మోటార్లతో గింబల్, అంటే కెమెరా తిరిగిపోకుండా మోటార్లతో నిలిపే చట్రం, చేయడం మొదలుపెట్టారు. ఆ మోటారు పుట్టిందే నిమిషానికి వేల చుట్లు తిరగడానికి. గింబల్‌కు కావాల్సింది కదలకుండా పట్టుకుని నిలబడటం. అందుకని మోటారు విప్పేవారు. లావు రాగితీగ తీసేసి, వెంట్రుకలాంటి సన్న తీగను లోపలి ఇనుప చక్రపు ఒక్కో పంటి చుట్టూ ఎక్కువ చుట్లు చుట్టేవారు. ఓపికలేనివాడి చేతిలో ఆ తీగ పుటుక్కున తెగుతుంది. సన్న తీగను అలా ఎక్కువ చుట్లు చుడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, మోటారు వేడెక్కకుండా పట్టు నిలుస్తుంది.

కెమెరా పక్కన గోరంత సెన్సారు ఉంటుంది. అందులోని గైరో కెమెరా ఎటు ఎంత వేగంగా తిరుగుతోందో చెబుతుంది. ఆక్సెలరోమీటరు భూమి ఎటుందో చెబుతుంది. గైరో లెక్క కాసేపటికి జారిపోతుంది కాబట్టి రెండోది దాన్ని సరిదిద్దుతుంది. కానీ బండి మలుపులో వాలినప్పుడు ఆక్సెలరోమీటరే మోసపోతుంది. అందుకే చవక గింబల్‌తో మలుపులో తీస్తే దిగంతం ఒరిగిపోతుంది. ఇంకో సంగతి. గింబల్ తిరుగుడును మాత్రమే ఆపుతుంది. పైకీ కిందికీ ఎగిరే కుదుపును ఆపడానికి స్ప్రింగో, రబ్బరు బుష్షో, మనిషి మోకాళ్లో కావాలి. ఎగ్బీ ఒళ్లు ఆ రెండు పనులూ ఒకేసారి చేసింది.

అందుకే ఆ షాట్ నాకు ప్రాణం. అలా తీయడం మాత్రం నేను ఒప్పుకోను. ఆ రోజు వాళ్ల దగ్గర వేరే దారి లేదు. బండి కాస్త తూలి ఉంటే ఆ లెన్సుతో పాటు ఇద్దరు మనుషులు పోయేవారు. అదే సినిమా తొలినాళ్లలో స్టంట్ కోఆర్డినేటర్ గ్రాంట్ పేజ్, నటి రోజీ బెయిలీ బండి ప్రమాదంలో కాళ్లు విరగ్గొట్టుకున్నారు. రోజీ బదులు నాయిక పాత్రకు జోయాన్ శామ్యూల్‌ను తీసుకోవాల్సి వచ్చింది. గాలిలోంచి చిత్రీకరించడమన్నా, హెలికాప్టర్లన్నా మక్కువ పడ్డ బైరన్ కెనెడీ 1983 జులై 17న న్యూసౌత్‌వేల్స్‌లో హెలికాప్టర్ కూలి చనిపోయాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు కూడా నిండలేదు.

మెల్‌బోర్న్‌లోనైనా, మన ఊరి రోడ్డు మీదైనా స్నేహితుడి బండి వెనక కూర్చుని ఫోన్ పట్టుకుని షార్ట్ ఫిల్ములు తీసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఒక్కటే. ఎగ్బీకి లేని సెన్సారు ఇవాళ మీ ఫోన్లోనే ఉంది. పైపు ముక్కలు, పాత మోటార్లు, ఓ వారం ఓపిక ఉంటే గింబల్ మీ బల్ల మీదే తయారవుతుంది. మోటారుకు కరెంటు ఇవ్వకముందే కెమెరాను ఏ కోణంలో వదిలినా అక్కడే నిలిచేలా తూచండి, సగం పని అయినట్టే. తర్వాత దాన్ని బండికి గట్టిగా బిగించి, ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి తీయండి. వేగం కావాలంటే కెమెరాను రోడ్డుకు జానెడు ఎత్తులో పెట్టండి. నలభైలో వెళ్లినా తెర మీద వందలా కనిపిస్తుంది. హెల్మెట్ మాత్రం తీయకండి.