ఎలక్ట్రీషియన్ నుంచి కాంట్రాక్టర్ దాకా

టెన్త్ పాసైనవారికి ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్ 2 ఏళ్లు. తర్వాత అప్రెంటిస్‌షిప్, వైర్‌మన్ పర్మిట్. చాలామంది అక్కడే ఆగిపోతారు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చడానికి లైసెన్స్ అక్కర్లేదు. కొత్త వైరింగ్ మాత్రం లైసెన్స్ ఉన్న కాంట్రాక్టరే చేయించాలన్నది రూలు. అది లేకపోతే ఇల్లంతా వైరింగ్ చేసింది తానే అయినా టెస్ట్ రిపోర్టు మీద సంతకం ఇంకొకరిది. ఆ సంతకానికి డబ్బులూ ఇచ్చుకోవాలి. గల్ఫ్‌లో పదేళ్లు చేసొచ్చినా ఇక్కడి లైసెన్స్ విడిగా తీసుకోవాల్సిందే.

తెలంగాణ, ఏపీల్లో దరఖాస్తు ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డుకే. పర్మిట్ ఉన్న సూపర్‌వైజర్, వైర్‌మన్, మెగ్గర్ వంటి పరికరాలు చూపించాలి. సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ.

పని దొరకడం కన్నా బిల్లు వసూలే కష్టం. సామాను ఉద్దెరకు తెచ్చి, ఇంటాయన బాకీ పెడితే లేబర్ కూలి జేబులోంచే పోతుంది. అడ్వాన్స్, సామాను రేటు, లేబర్ రేటు ముందే కాగితం మీద రాసుకోవాలి, బంధువుల ఇల్లయినా సరే.