జగిత్యాల పేరులో ఇద్దరు దొరలు

జగిత్యాల కోట చూడవచ్చిన వారికి ఊరిలో ఎవరినడిగినా చెప్పే కథ ఒకటున్నది. 1747లో ఎలగందుల పాలకుడు ఇబ్రహీం ధంసా ఈ కోట కట్టించాడనీ, జాక్, తాల్ అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు దానికి నమూనా గీశారనీ, వారిద్దరి పేర్లూ కలిసి జనం నోట నలిగి నలిగి జగిత్యాల అయిందనీ ఆ కథ. నేనూ ఏళ్ళ తరబడి తరగతిలో ఈ కథనే చెప్పాను. ఒకనాడు వెనుక బల్ల మీది పిల్లవాడొకడు లేచి, "మరి మల్యాలను ఏ దొర కట్టిండు సార్?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెలుగు పండితుడినై యుండి ఆ ప్రశ్న నేను వేసుకోలేదే అని సిగ్గు కలిగింది.

నిజమే కదా! మల్యాల, కొడిమ్యాల, కురిక్యాల, గోదావరి ఆవల మంచిర్యాల. ఈ సీమలో 'యాల' చివరగల ఊళ్ళు ఇన్ని ఉండగా, ఒక్క జగిత్యాలకే ఆ చివరి అక్షరాలు ఫ్రాన్సు దేశం నుండి దిగుమతి కావలసిన అవసరమేమి?

కాలం కూడా ఈ కథకు అంతగా కలిసిరాదు. 1747 నాటికి మొదటి ఆసఫ్‌జా ఇంకా జీవించే ఉన్నాడు. ఆయన మరణం 1748లో. బుస్సీ దొర తన సైన్యంతో వచ్చి నిజాము కొలువులో ఫ్రెంచివారి పలుకుబడిని నిలబెట్టినది 1751 తరువాతి మాట. అంతకు ముందే ఒకరిద్దరు ఫ్రెంచివారు ఇటు వచ్చి ఉండరాదా అంటే, వచ్చి ఉండవచ్చు. కోట నక్షత్రాకారం, చుట్టూ కందకం, ఫిరంగుల కోసం అమర్చిన బురుజులు చూస్తే ఐరోపా పద్ధతి ఛాయ కనబడుతూనే ఉంటుంది. కోటలో వారి చేయి ఉన్నదంటే నేను కాదనను. ఊరి పేరులో ఉన్నదంటేనే నా పేచీ.

కట్టించినవాని పేరు కూడా ఆలోచింపదగినదే. ఆయన పూర్తి పేరు మీర్జా ఇబ్రహీం బేగ్, బిరుదు జఫరుద్దౌలా. 'బేగ్' తుర్కీ మాట, 'ధంసా' అంటే పెద్ద నగారా. మనం నిత్యం వాడే 'తురక' అన్న మాటకు మూలం ఆ తుర్కులే. ఎక్కడి మాట ఎక్కడికి వచ్చి ఇంటి మాట అయిందో చూడండి!

మరి జగిత్యాల పేరు ఎక్కడిది? ఊరి పొరుగునే పొలాస ఉన్నది. కాకతీయుల నాడు అది పొలవాస రాజ్యానికి రాజధాని. ఆ వంశంలో మేడరాజు, జగ్గదేవుడు అనే పేర్లు కనబడతాయి. 1163 నాటి హనుమకొండ శాసనంలో రుద్రదేవుడు ఓడించిన వారిలో మేడరాజు ఒకడు. హనుమకొండను ముట్టడించి భంగపడిన జగ్గదేవుని ప్రస్తావన కూడా అందులోనే ఉన్నది. అతడు పొలవాస వాడని కొందరు, పరమార వంశీయుడని మరికొందరు అంటారు. ఆ జగ్గదేవుని పేరు మీదనే జగిత్యాల వెలసిందన్న వాదం నాకు ఇష్టమే. కాని ఇష్టం వేరు, వ్యుత్పత్తి వేరు. జగ్గ అన్న ద్విత్వం పోయి 'జగి' ఎట్లా అయింది? నడుమ ఆ తకారం ఎక్కడ నుండి వచ్చింది? పాత శాసనమేదైనా ఊరి పేరును పట్టిస్తే తప్ప నేను సంతకం పెట్టను.

కురిక్యాల మాట వచ్చింది కనుక ఒక్క విషయం చెప్పకుండా ముందుకు పోలేను. కరీంనగరు నుండి జగిత్యాల వచ్చే దారిలో, గంగాధర సమీపాన బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన శాసనం ఉన్నది. అతడు వేములవాడ చాళుక్యుల ఆస్థానంలో వెలిగిన కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్న ఆ పదవ శతాబ్ది శాసనంలో తెలుగు కంద పద్యాలున్నాయి. నన్నయకు నూరేళ్ళ ముందటి కందాలు! ఇంతటి అక్షర సంపద ఇంటి ముంగిట పెట్టుకొని, ఊరి పేరుకు మాత్రం ఊరూ పేరూ తెలియని దొరలను వెతుక్కున్నాము.

కందకం తవ్వినవారి పేర్లు, రాళ్ళు మోసినవారి పేర్లు ఏ కథలోనూ లేవు. అటువంటి పేరు లేని జనమే 1978 సెప్టెంబరులో రైతుకూలీ సంఘాల జెండాలతో పల్లెపల్లె నుండి ఈ ఊరికి కదలివచ్చారు. వెట్టి మీద, దొరల పెత్తనం మీద సాగిన ఆ నడకనే జగిత్యాల జైత్రయాత్ర అంటారు. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. తరువాతి కాలంలో సిరిసిల్ల నేతగాండ్లు భీవండి బాట పట్టారు, కోరుట్ల, జగిత్యాల పల్లెల యువకులు గల్ఫు విమానాలెక్కారు. పొలాస పరిశోధన కేంద్రంలో పుట్టిన 'జగిత్యాల సన్నాలు' ఊరి పేరును వడ్ల బస్తాల మీద ఊరూరా తిప్పింది.

ఆనాడు ప్రశ్న వేసిన పిల్లవాడూ దుబాయి వెళ్ళాడని విన్నాను. సెలవుకు వచ్చి కనబడితే, ఏ దొరా కట్టలేదురా అని చెప్పాలి. మరి ఎవరు సార్ అంటాడు, వాడు ఊరుకునే రకం కాదు.