తెంపాక కాయకు ఏమవుతుంది

1892లో డ్రమ్మండ్ కాజిల్ అనే ఓడ దక్షిణాఫ్రికా నుంచి పీచ్ పండ్లను చెడిపోకుండా లండన్ చేర్చింది. అప్పటికే ఫిలాక్సెరా పురుగు కేప్ ప్రాంతంలో ద్రాక్ష వేళ్లను తినేసి వైన్ రైతులను రోడ్డున పడేసింది. వాళ్లలో చాలామంది పీచ్, పియర్ తోటల వైపు మళ్లారు. ఆ తోటలకు బతుకునిచ్చింది ఓడలోని చల్లగది. కేప్ పండ్ల చరిత్ర అనగానే అందరూ తోటల యజమానుల గురించీ ఓడల గురించీ చెబుతారు. తెంపిన కాయ లోపల ఏం జరుగుతోందని అడిగినవాళ్ల చరిత్ర నాకు అంతకంటే ముఖ్యం. నేను అనంతపురం జిల్లాలో దానిమ్మ ప్యాక్‌హౌస్ పని చూసుకుంటాను. ఈ పనిలో నేను ఎక్కువగా నేర్చుకున్నది అదే కేప్ ప్రాంతంలోని స్టెల్లెన్‌బాష్ నుంచి, అక్కడ పనిచేసిన ఒక నైజీరియా ఆచార్యుడి నుంచి. ఆయన పేరు ఉమెజురుయికె లైనస్ ఒపారా.

ఆయన వ్యవసాయ ఇంజినీరింగ్ చదివింది న్సుక్కాలోని నైజీరియా విశ్వవిద్యాలయంలో. 1960లో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, అది మొదలైంది. 1967లో బయాఫ్రా అంతర్యుద్ధంతో మూతపడి, 1970లో మళ్లీ తెరుచుకుంది. అక్కడి ఇంజినీర్ల ముందున్న పెద్ద పంట కర్రపెండలం. ఓడిగ్బో అనే ఆచార్యుడు దాన్ని నాటడానికీ, తొక్క తీయడానికీ యంత్రాలు తయారుచేశారు. కర్రపెండలం సంగతి మన పెద్దాపురం, సామర్లకోట వైపు రైతులకు చెప్పనక్కర్లేదు. తవ్విన రెండు మూడు రోజుల్లోనే దుంప లోపల నీలిచారలు మొదలవుతాయి. పొలం ఎంత బాగా పండినా, తవ్విన తర్వాతి గడియలే లాభనష్టాలు తేలుస్తాయి. అలాంటి పంట మధ్య ఇంజినీరింగ్ నేర్చుకున్నవాడు ట్రాక్టర్ల దగ్గర ఆగిపోకుండా కోత అనంతర పని వైపు వెళ్లడం నాకు సహజంగానే కనిపిస్తుంది.

తర్వాత న్యూజిలాండ్‌లో మాసీ విశ్వవిద్యాలయం. 1993లో అక్కడ డాక్టరేట్ వచ్చింది. విషయం గాలా రకం ఆపిల్ పగుళ్లు. తొడిమ కింద, కండ లోపల ముందు చిన్న వలయంలా చీలిక పుడుతుంది. బయటినుంచి చూస్తే కాయ నున్నగా, ఎర్రగా, ఏ లోపమూ లేనట్టే ఉంటుంది. ఆ చీలిక పెరిగి తొడిమ దగ్గర తొక్కను చీల్చుకుని బయటపడేసరికి కాయ అమ్మకానికి పనికిరాదు. కనిపించే పగులుకు ముందే కనిపించని పగులు ఉందని తెలుసుకుని, దాని కారణాలను చెట్టు మీదే వెతకడం ఆయన చేసిన పని. ఎండకు, నీటికి మా దానిమ్మ కాయలు పగిలిన ఏడాది ఎవరి తోటలో నిలబడినా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

ఒమన్‌లోని సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయంలో ఉండగా దానిమ్మ ఆయన చేతికొచ్చింది. ఆ దేశపు రకాల రసం, గట్టిదనం, తొక్కలోని గుణాలు కొలిచారు. గింజల్లో కంటే తొక్కలోనే విటమిన్ సి ఎక్కువని ఆ పరీక్షల్లో తేలింది. మేం చెత్తకుప్పలో పోసే తొక్క అది.

2009లో స్టెల్లెన్‌బాష్‌లో కోత అనంతర సాంకేతికతకు ఏర్పాటైన పరిశోధనా పీఠానికి ఆయన ఆచార్యులయ్యారు. ఆయన పనిలో నాకు అన్నిటికంటే దగ్గరైనది అట్టపెట్టె. పక్కలకు చిల్లులు ఎక్కువ పెడితే చల్లగాలి దూరి కాయ వేడి త్వరగా దిగుతుంది. చిల్లులు పెరిగేకొద్దీ అట్ట బలం తగ్గి, పేర్చిన దొంతరలో అడుగు పెట్టె కూలబడుతుంది. శీతల గదిలో తేమ 90 శాతం దాటితే అట్ట మెత్తబడి ఇంకా తొందరగా కుంగుతుంది. కాయ ముడుచుకోకుండా లోపల ప్లాస్టిక్ కవర్ వేస్తే తేమ నిలుస్తుంది గానీ గాలికి అడ్డం పడి చల్లబడటం ఆలస్యమవుతుంది. ఒపారా, ఆయన విద్యార్థులు గాలి ఎటు పోతోందో కంప్యూటర్లో లెక్కగట్టారు, పెట్టెలను యంత్రంలో నొక్కి చూశారు, చిల్లు ఏ ఆకారంలో, ఎక్కడ, ఎన్ని ఉండాలో ఏళ్ల తరబడి పరీక్షించారు. ఈ పెట్టె చిల్లుకు ఎదురుగా పక్క పెట్టె చిల్లు రాకపోతే గాలి అక్కడే ఆగిపోతుందని మా హమాలీలకు చెప్పేటప్పుడు నా వెనక ఉన్న ధైర్యం ఆ లెక్కలే.

ఇంకో సంబంధం కూడా ఉంది. కేప్‌లో ఆయన బృందం పరీక్షించిన దానిమ్మల్లో మన భగువ రకం ఒకటి. మహారాష్ట్ర నుంచి అనంతపురానికి వచ్చిన ఆ భగువే అక్కడ 5, 7, 10 డిగ్రీల గదుల్లో వారాల తరబడి ఉంది. 5 డిగ్రీల్లో, మంచి తేమలో అది 2, 3 నెలలు నిలబడింది. మా గది మీటను నేను తిప్పేదీ ఆ 5 దగ్గరికే.

1930లో బెల్జియంలోని లియేజ్‌లో పుట్టిన అంతర్జాతీయ వ్యవసాయ ఇంజినీరింగ్ సంఘానికి కూడా ఆయన అధ్యక్షులయ్యారు. పదవులు ఇంకా ఉన్నాయి. వాటి జాబితా కంటే ఆయన ఎత్తుకున్న సమస్యే పెద్దది. 2011లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వేసిన అంచనా ప్రకారం ఏటా సుమారు 130 కోట్ల టన్నుల ఆహారం వృథా అవుతోంది. అదే అంచనాలో ఐరోపా, ఉత్తర అమెరికాల్లో తినేవాళ్లు మనిషికి ఏటా పారేసేది 95 నుంచి 115 కిలోలు. సహారాకు దిగువనున్న ఆఫ్రికాలో అది 6 నుంచి 11 కిలోలే. ఆ లెక్కన అక్కడి నష్టంలో ఎక్కువ భాగం ఇంట్లో జరిగేది కాదు. పొలంలో, దారిలో, గోదాములో జరిగేది. నైజీరియా ఉత్తరాన పండిన టమాటాను నార బుట్టల్లో కుక్కి లారీల మీద లాగోస్ దాకా తీసుకెళ్తారు. ఎగుమతి పెట్టె మీద జరిగినంత పరిశోధన ఆ బుట్ట మీద జరగాలని నా కోరిక. చల్లగది ఉన్నవాడికి దారి చాలావరకు దొరికింది, లేని రైతుకు ఇంకా దొరకలేదు.

ఆ వైపు ఒక అడుగు పడింది కూడా. ఒపారా దగ్గర దానిమ్మ మీదే పరిశోధన చేసిన ఫావోలె ఇప్పుడు జొహానెస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. కాయకు పైపూతలు వేసి, బరువు తగ్గకుండా కాపాడే పని చేస్తున్నారు. ఒపారాతో కలిసి ఆయన పరీక్షించిన పూతల్లో ఆఫ్రికాలోని సహేల్ ప్రాంతపు ఎండల్లో పెరిగే తుమ్మజాతి చెట్ల బంక ఒకటి. సూడాన్ పల్లెల్లో చెట్టు బెరడుకు గాటు పెట్టి, కారి ఎండిన ముద్దలను చేత్తో ఏరుకునే సరుకు అది.