తలనొప్పి మందు, తెలుగు పత్రిక

నాయకత్వ లక్షణాల మీద మన ఆఫీసుల్లో ట్రైనింగులకు కొదవ లేదు. ఆ స్లైడ్లు చూసి తలనొప్పి వచ్చినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు.

కృష్ణా జిల్లా ఎలకుర్రులో 1867లో పుట్టిన పంతులుగారు బతుకుతెరువు కోసం కలకత్తా, బొంబాయి వెళ్లారు. మందుల వ్యాపారంలో పని నేర్చుకుని, 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందును జనం ఊరికే నమ్మరు కదా! అందుకని సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారు. తన సరుకు మీద నమ్మకం ఉన్నవాడే అలా చేయగలడు.

అక్కడితో ఆగితే ఆయన మంచి వ్యాపారి మాత్రమే. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1924లో సాహిత్య మాసపత్రిక భారతి వచ్చింది. వీటన్నిటికీ అమృతాంజనం లాభాలే అండ. 1937లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒప్పందానికి వచ్చింది కూడా మద్రాసులోని ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే.

ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. అమృతాంజనం సీసా మాత్రం నేటికీ మన సూట్‌కేసుల్లో సముద్రాలు దాటి వస్తూనే ఉంది. అలాగని పంతులుగారు పత్రిక మీద పెట్టిన డబ్బు వృథా అనగలమా? ఎన్ని తరాలు దాన్ని చదివి పెరిగాయి!

లాభం ఎంతో లెక్కలు చెబుతాయి. అది ఎందుకోసమో నాయకుడే తేల్చుకోవాలి. పరాయి ఊళ్లో సంపాదించి సొంత భాషకు ఖర్చుపెట్టిన ఆయనను తలచుకుంటూ, మన ఊరి తెలుగు బడికి మనమేం ఇస్తున్నామో ఈ మహాసభల్లో ఒక్కసారి ఆలోచిద్దాం.