నైలు నదీతీరపు దేవతార్చన – ఒక ప్రమాద సవరణ



కొన్నేళ్ల క్రితం ఒక ఉపన్యాసంలో "ఈజిప్టు పిరమిడ్లు మయుని శిల్పశాస్త్ర సంప్రదాయమే" అని సభాముఖంగా పలికాను. కరతాళధ్వనులు మ్రోగాయి. సభానంతరం ఒక విద్యార్థి వచ్చి "దీనికి ప్రమాణమేమిటండీ?" అని వినయంగా అడిగాడు. ప్రత్యక్షం లేదు, శబ్దం లేదు, అనుమానం చేయడానికి హేతువూ లేదు. తర్కసంగ్రహం వల్లించినవాడికి అంతకంటె లజ్జాకరమైన స్థితి ఏమున్నది? ఆ ఋణం తీర్చుకొనుటకే ఈ వ్యాసం.

హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో ఒక ఈజిప్టు మమ్మీ ఉన్నది. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దానిని కొని తెప్పించగా, ఏడవ నిజాం 1930లో ప్రదర్శనశాలకు ఇచ్చారు. అది సుమారు 2,300 ఏళ్ల నాటి యువతి దేహమని అంచనా. దాదాపు ఆ కాలానికి కొద్దిగా అటూ ఇటూగా మన జంగారెడ్డిగూడేనికి సమీపంలోని గుంటుపల్లి కొండపై భిక్షువులు గుహలు తొలిచారు. దేహం భస్మాంతమని మన శ్రుతి. దేహం నిలిస్తేనే జీవునికి గతి అని వారి విశ్వాసం. ఇంత మౌలికభేదం ఉన్న రెండు దర్శనాలను ఒకటే అనడం ఇద్దరికీ అన్యాయమే.

ఆ నాగరికత ఆఫ్రికా గర్భంలో పుట్టినది. నైలు దక్షిణాన మహాసరస్సులలోను, ఇథియోపియా పర్వతాలలోను జన్మించి ఉత్తరానికి ప్రవహిస్తుంది. వారు తమ దేశాన్ని "నల్లనేల" అన్నారు. అది నది తెచ్చే ఒండ్రుమట్టిని బట్టి వచ్చిన పేరు. గోదావరి వరదను ఎరిగినవారికి ఈ నామౌచిత్యం వివరించనక్కరలేదు. మృతుల దేవత ఒసైరిస్‌ను నల్లగానో, పచ్చగానో చిత్రించేవారు.

ఈజిప్టుకు దక్షిణాన, నేటి సుడాన్‌లో, కుష్ రాజ్యం ఉండేది. సామాన్యశక పూర్వం 8వ శతాబ్దంలో కుష్ ప్రభువు పియే ఉత్తరానికి దండెత్తి ఈజిప్టును జయించాడు. ఆయన విజయశాసనం 1862లో జెబెల్ బార్కల్‌లో దొరికింది. అర్చకునిగా నన్ను ఆశ్చర్యపరచినది యుద్ధం కాదు, ఆచారం. హీలియోపోలిస్‌లో పియే పుణ్యజలంలో స్నానం చేసి, ముఖం కడిగి, పాలు, ధూపద్రవ్యాలు సమర్పించి, ఏకాకిగా గర్భగృహపు గడియ తీసి సూర్యదేవుడు ‘రా’ను దర్శించాడు. పిదప తలుపులు మూసి స్వయంగా ముద్రవేసి, అన్య రాజులెవరినీ ప్రవేశింపనీయవద్దని అర్చకులను ఆదేశించాడు. లొంగివచ్చిన రాజులలో చేపలు తినేవారిని అశుచులని తన ప్రాసాదంలోకి రానీయలేదు. (పులస కాలంలో మన గోదావరివారికి ఈ నియమం చెబితే ఏమంటారో!) అంటే అచ్చటి ఆరాధనను శ్రద్ధగా పాటించి కాపాడినవాడు దక్షిణాది నల్లజాతి రాజు. ఆయన వారసులలో తహర్కా ప్రసిద్ధుడు. కుష్ వారి పిరమిడ్లు ఈజిప్టులోని వాటికంటె సంఖ్యలో అధికం.

మనకు వారితో సంబంధమే లేదా? ఉన్నది, పరిమితంగా. మితన్నీ రాజులు సుమారు సా.శ.పూ. 14వ శతాబ్దపు సంధిపత్రంలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యులను సాక్షులుగా పేర్కొన్నారు. ఆ వంశపు కన్యలు ఫారోల అంతఃపురాలకు వెళ్లారు. ఇది దౌత్యసంబంధం మాత్రమే. అనంతరం గ్రీకు నావికులు ఈజిప్టు రేవుల నుంచి వచ్చారు. సా.శ. 1వ శతాబ్దపు పెరిప్లస్ గ్రంథం కృష్ణాతీరాన్ని ‘మసాలియా’ అని, అక్కడి సన్నని వస్త్రాలను ప్రస్తావిస్తుంది. అలెగ్జాండ్రియాలో టాలెమీ చెప్పిన ‘సలకెనోయి’లను వేంగి శాలంకాయనులుగా పండితులు పలువురు గుర్తిస్తారు. ఆ రాజులు చిత్రరథస్వామి భక్తులు. వర్తకం చేశారు, చూశారు, పేర్లు వ్రాసుకున్నారు. ఇంతమాత్రాన వారి పిరమిడ్లు మనవి కావు.

ఒక మాట నిష్ఠురంగా చెప్పక తప్పదు. నీలమేఘశ్యాముని నిత్యం కీర్తించే నోటితోనే "ఆఫ్రికావారు అంతటి కట్టడాలు ఎలా కడతారు?" అని మనలో కొందరు అడుగుతారు. నా నాటి ఉపన్యాసంలోనూ ఆ సందేహమే అంతర్లీనంగా ఉన్నదని ఇప్పుడు తోస్తున్నది. సెనెగల్ విద్వాంసుడు షేక్ అంటా డియోప్ 1974లో కైరోలో జరిగిన యునెస్కో సదస్సులో ఈజిప్టు ఆఫ్రికీయతను వాదించవలసి వచ్చింది. ఆయన వాదాంశాలన్నీ అందరూ అంగీకరించలేదు. కాని ఒక ఖండపు వారు తమ పితృదేవతల కోసం సభకెక్కి సాక్ష్యం చెప్పవలసి రావడమే శోచనీయం.

మాఘమాసంలో మరల అదే వేదికపై ఉపన్యాసం ఉన్నది. ఆ విద్యార్థి వస్తాడో రాడో గాని, మొదట ఆ మాటనే సవరించుకుంటాను.