గేర్‌బాక్సులపై పోత తేదీలు

కరిగిన లోహాన్ని అచ్చులో పోసిన రోజును తెలిపేందుకు ఆ భాగం మీదే ఉబ్బెత్తుగా వచ్చేలా వేసే గుర్తును పోత తేదీ అంటారు. పాత కార్ల ట్రాన్స్‌మిషన్లలో, అంటే ఇంజిన్ బలాన్ని వేగానికి తగినట్టు మార్చి చక్రాలకు అందించే యంత్రాంగంలో, ఈ గుర్తు గేర్లను ఇముడ్చుకున్న పెట్టె మీద, దాని వెనుక బిగించే తొడుగు మీద కనిపిస్తుంది. 1960ల నాటి అమెరికా కార్లను అసలు రూపానికి తెచ్చేవారికి ఇంతకంటే విలువైన ఆధారాలు తక్కువ.

ఇసుక పోతలో ముందుగా చెక్కతోనో లోహంతోనో చేసిన నమూనాను ఇసుకలో అదిమి, అది మిగిల్చిన ఖాళీలో లోహాన్ని పోస్తారు కనుక, నమూనాకు బిగించిన చిన్న తేదీ రేకును మార్చినప్పుడల్లా కొత్త తేదీ పోతలోకి దిగుతుంది. ఒక పెట్టెలో గాలి బుడగో పగులో బయటపడితే అదే రోజు పోసిన మిగతావాటిని వెతికి పట్టుకోవడం ఫౌండ్రీ అవసరం. ఆ అవసరం కొన్ని నెలల్లో తీరిపోయేది కాబట్టే సంవత్సరానికి చివరి అంకె ఒక్కటే చాలనుకున్నారు. దశాబ్దాల తరువాత చూసేవారికి 6 అనే అంకె 1956నూ 1966నూ ఒకేలా సూచించడానికి కారణం ఇదే. ఉక్కు అచ్చులో అల్యూమినియాన్ని ఒత్తిడితో నింపే పద్ధతిలో రేకు మార్చడం సులభం కాదు గనుక, అక్కడ కొన్ని భాగాలపై గడియారం ముఖం లాంటి గుండ్రని గుర్తు వాడుకలోకి వచ్చింది.

నెలను అక్షరంతో సూచించడం సాధారణమే అయినా, ఏ అక్షరం ఏ నెలో సంస్థను బట్టి మారుతుంది. షెవర్లే పోతల్లో ఏ నుంచి ఎల్ వరకు పన్నెండు అక్షరాలు వరుసగా పన్నెండు నెలలు. నెల, రోజు, సంవత్సరం అన్నది క్రమం. ఫోర్డ్ సంవత్సరాన్ని ముందు ఉంచి, 1 అంకెగా పొరబడే ఐ అక్షరాన్ని వదిలి, ఎం వరకు సాగింది. అందువల్ల షెవర్లే భాగంపై "కె 12 6" అంటే 1966 నవంబరు 12 కాగా, ఫోర్డ్ భాగంపై "6కె12" అంటే అదే ఏడాది అక్టోబరు 12. పైగా అమెరికాలో కొత్త మోడళ్లు ముందటి ఏడాది చివర్లోనే మార్కెట్‌కు వచ్చేవి కాబట్టి, ఈ రెండూ 1967 మోడల్ కార్లకు చెందవలసిన భాగాలు. 1964లో వచ్చిన ఫోర్డ్ నాలుగు గేర్ల టాప్‌లోడర్ వంటి పెట్టెలపై సంఖ్య ముందుండే "సి4" మాత్రం పోసిన తేదీ కాదు, రూపకల్పన సంవత్సరం. సి 1960ల దశాబ్దానికి, 4 అందులోని ఏడాదికి గుర్తు.

ఇండియానా రాష్ట్రంలోని మన్సీలో జనరల్ మోటార్స్ 1963 నుంచి 1974 వరకు తయారుచేసిన నాలుగు గేర్ల పెట్టెలు ఈ చదువుకు మంచి పరీక్ష. వీటిపై బిగింపు తేదీని, అంటే గేర్లు బిగించిన రోజును, పోతలో కాక, తరువాత పంచ్‌తో కొట్టేవారు. 1966 వరకు పి అక్షరం తరువాత నెల, రోజు మాత్రమే ఉండి సంవత్సరం ఉండదు. 1967 నుంచి సంవత్సరం అంకె చేరి, నెలలకు ఏ, బి, సి, డి, ఇ, హెచ్, కె, ఎం, పి, ఆర్, ఎస్, టి అనే వేరే వరుస వచ్చింది. ఈ లెక్కన "పి7కె12" 1967 జులై 12 అవుతుంది. సంవత్సరం లేని పెట్టెల విషయంలో దారి చూపేది పోత సంఖ్య, అంటే పెట్టె ఆకారాన్ని గుర్తించే సంఖ్య: 3831704 అయితే 1963, 3851325 అయితే 1964-65, 3885010 అయితే 1966-67. 1969 నుంచి పంచ్‌తో కొట్టిన తేదీ చివర చేర్చిన ఏ, బి, సి అక్షరాలు వరుసగా ఎం20, ఎం21, ఎం22 రకాలను వేరుచేస్తాయి.

ఏ గుర్తునైనా ఒంటరిగా నమ్మడం తగదు. లోహం పోయడం, చెక్కి సరిచేయడం, గేర్లు బిగించడం, కారులో అమర్చడం ఈ వరుసలోనే జరగాలి. పోత తేదీ కంటే ముందటి బిగింపు తేదీ గాని, కారు తయారైన తరువాతి పోత తేదీ గాని కనిపిస్తే ఆ పెట్టె ఆ కారుతో పుట్టింది కాదు. పంచ్‌తో కొట్టిన అక్షరాలను అరగదీసి మళ్లీ కొట్టే మోసం ఉన్నందున, మార్చడానికి కష్టమైన ఉబ్బెత్తు తేదీకే నిపుణులు ఎక్కువ విలువ ఇవ్వడం సమంజసం; పంచ్ గుర్తుల విషయంలో వారు అక్షరాల ఆకారాన్ని, చుట్టూ ఉన్న లోహంపై ఆకురాయి గీతలను కూడా పరిశీలిస్తారు.